తెల్లరెక్కల జంట

సెప్టెంబరు 9

ఇది మూడో పుస్తకం. మొదటిది జలాశయపు నీటిమట్టం రిజిస్టరు, అది శాఖవారిది. రెండోది పక్షుల రిజిస్టరు. అది నేను స్వయంగా గీతలు గీసుకొని పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నది. కళ్ళతో చూసినది తప్ప మరొకటి ఆ రెండింటిలోనూ రాయరాదన్నది నా నియమం. ఉక్రోషానికి వాటిలో గడి లేదు. అందుకని ఈ పుస్తకం కొన్నాను.

ఈ ఉదయం పైఆఫీసు మనుషులు ఇద్దరు వచ్చి, మెట్ల దగ్గర కొలబద్ద పక్కనే ఒక బూడిదరంగు పెట్టెను బిగించి వెళ్ళారు. ఇకమీదట నీటిమట్టాన్ని ఆ పెట్టే చూస్తుందట. పావుగంటకొకసారి తనంతట తానే పైకి పంపుతుందట. "ఇంక మీరు సాయంత్రం ఐదున్నరకి మెట్ల మీద నిలబడక్కర్లేదు సార్. హాయిగా ఇంట్లో కూర్చోండి," అన్నాడు వారిలో ఒకడు, నాకేదో మేలు చేసినట్టు. ఇరవై రెండేళ్ళలో ఐదున్నరకు నేను ఆ మెట్టు మీద లేని సాయంత్రం ఒక్కటి కూడా లేదు. జ్వరంతోనూ నిలబడ్డాను. రాత్రి కళాశాలకు వెళ్ళిన నాలుగేళ్ళూ కొలత రాసిన తరువాతే పుస్తకాలు పట్టుకున్నాను. శాఖలో నా వెనుక నన్ను 'కొలబద్ద' అంటారని నాకు తెలుసు. వెక్కిరింపు అనుకునేవారు అనుకోవచ్చు. కొలబద్ద నీటి మెప్పు కోసం వంగదు.

సాయంత్రం అలవాటు కొద్దీ మెట్ల మీదికే వెళ్ళాను. పడమటి ఆకాశం కోసిన జామపండులా ఉంది. పంపుహౌసుకూ నీళ్ళట్యాంకుకూ మధ్య ఉన్న సందులోంచి వానకోయిలలు వచ్చాయి, పొగ గొట్టంలోంచి పొగ వచ్చినట్టు. ఈ చీలుతోక పిట్టలు ఏటా ఈ కాలంలో రాత్రి బసకు తూర్పుగట్టు తుంగపొదల్లోకి వస్తాయి. చలి ముదిరేలోగా వెళ్ళిపోతాయి. పదేసి చొప్పున లెక్కించాను. మొదటి విడత ఆరువేల ఎనభై. ఇవి చెట్ల వరుస వెనుకనున్న పొదల్లో దిగుతాయి. ఏడెనిమిది నిమిషాల తరువాత రెండో విడత, ఆరువేల అరవై. ఇవి ముందున్న పొదల్లో దిగుతాయి. రెండు విడతలూ ఏటా ఇంచుమించు సమానంగా ఉండడం ప్రకృతిలోని సమతుల్యతకు నిదర్శనమని పక్షుల రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి పెట్టాను.

వాటిలో తెల్లరెక్కలవి రెండు. మామూలు వానకోయిల వీపు నీలినలుపు. ఈ రెండింటి రెక్కలు మాత్రం సున్నం కొట్టినట్టుంటాయి. నెల మొదటినుంచీ చూస్తున్నాను: విడతకు ఒకటి. జంట కావచ్చు. పెట్టెకు ఇవి కనబడవు.

సెప్టెంబరు 10

కొలబద్ద మీద నాలుగో అంకె దగ్గర ఎర్ర తూనీగ. కొలత తీసుకుంటున్నట్టే నిలబడింది. ఈ రోజుకు ఈ ఆనందం చాలు.

సెప్టెంబరు 14

శరదృతువు మా పెరట్లోకి ఎప్పుడూ ఆగ్నేయమూల నుంచే వస్తుంది. అక్కడి బాదంచెట్టుకు ముందుగా ఒకే ఒక్క ఆకు ఎర్రబడుతుంది. తక్కినవి దాని ధైర్యం చూసి మారతాయి. ఈ ఉదయం ఆ ఆకు రాలింది. చామంతులు మొగ్గ తొడిగాయి. పాదుకూ పందిరికీ మధ్య పదకొండు సాలెగూళ్ళు, మంచు పట్టి, ఆరేసిన జల్లెడల్లా ఉన్నాయి. మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాలో ఒక కప్ప కాపురం పెట్టింది. నా భార్య దాన్ని 'కదలని చుట్టం' అంటుంది. దాన్ని లేపలేక తను చెంబుతో పోస్తోంది నీళ్ళు. మేఘాలు ఏకిన దూదిలా తేలిపోతున్నాయి. వాటిలో వాన లేదు, తొందర లేదు.

మధ్యాహ్నం ఉత్తరం వచ్చింది. తూర్పుగట్టు తుంగపొదలను పూడ్చి, సరుకుల గోదాముకు స్థలం చేయాలని ప్రతిపాదన ఉన్నదట. పదివేలకు మించి పక్షులు బస చేసే చోటును పూడ్చరాదని నిబంధన. ఈ చోట పంతొమ్మిదేళ్ళ లెక్క రాసి పెట్టిన వ్యక్తి నేనొక్కడినే గనుక, సర్వే అధికారిణి అక్టోబరు మొదటి వారంలో స్వయంగా వచ్చి, నేను నిలబడే చోటే నిలబడి, నా సమక్షంలో లెక్కించి నిర్ణయిస్తుందట. 'మీ రిజిస్టరు మాకు అమూల్యమైన ఆధారం' అని రాసింది. ఆ వాక్యాన్ని నా భార్యకు రెండుసార్లు చదివి వినిపించాను.

ఆవిడ విని, "తమ్ముడికి చెప్పారా?" అంది. "వాడి పడవ ఉండేది ఆ పొదల్లోనే కదా."

చెప్పలేదు. ఆవిడ తమ్ముడు ఆ పొదల్లో తుంగ కోసుకొని, చాపలకు అమ్ముకొని, చేపలు పట్టుకొని బతుకుతున్నాడు. పూర్వం మా శాఖలోనే ఉండేవాడు. తూము దగ్గరి రెండో కొలబద్ద అతడిది. రాత్రి ఏడింటి కొలత. పదకొండేళ్ళ కిందట ఒక రాత్రి, చూడని కొలతను చూసినట్టు రాశాడు. నేను పైకి రాశాను. ఉద్యోగం పోయింది. అప్పటినుంచి మా గడప తొక్కలేదు. నియమం నియమమే. ఇందులో రాయవలసినది ఇంకేమీ లేదు.

సెప్టెంబరు 15

అతడు రాసిన అంకెను మర్నాటి కొలతతో సరిచూస్తే సరిగ్గానే ఉన్నది. అది వేరే విషయం. అంకె సరైనదా అన్నది ప్రశ్న కాదు. చూశాడా లేదా అన్నదే ప్రశ్న.

సెప్టెంబరు 21

పెట్టె పుణ్యమా అని నాకు సాయంత్రాలు దొరికాయి. అధికారిణి వచ్చేలోగా మొదటి విడత దిగే చోటును కూడా దగ్గరగా చూసి, వివరంగా ఒక పటం గీసి ఇవ్వాలని సంకల్పించాను. అందుకని ఐదున్నరకు మెట్ల మీద నిలబడక, గట్టు చుట్టి, చెట్ల వరుస వెనక్కి నడిచాను. ఆ వేళకు అక్కడికి వెళ్ళడం నా జన్మలో ఇదే మొదటిసారి.

అక్కడా తుంగ ఉన్నది. పక్షులు లేవు.

ముందు శబ్దం వచ్చింది, వేల కత్తెరలు ఒక్కసారి ఆడినట్టు. తల మీదుగా గుంపు వచ్చింది. అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. గొంతు కింది ఎర్ర మచ్చలు, తోకల చీలికలు, అన్నీ కనబడ్డాయి. ఒక్క క్షణం మనసు చిన్నపిల్లవాడి మనసైంది. తరువాత గుంపు చెట్ల మీద వాలలేదు, పొదల్లో దిగలేదు. ఎడమకు వంగింది. పంపుహౌసు వెనుకగా తిరిగి, మళ్ళీ ఆ సందులోకే వెళ్ళింది.

చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. రెండో విడత అంటూ వేరే గుంపు ఏ దిక్కునుంచీ రాలేదు.

గాలివాటం వల్ల ఈ ఒక్కరోజు అలా తిరిగి ఉండవచ్చు.

సెప్టెంబరు 22

తోటలో విశేషాలేమీ లేవు.

సెప్టెంబరు 23

మళ్ళీ వెళ్ళాను. ఈసారి తెల్లరెక్కలదాని కోసమే చూశాను. వచ్చింది. నా తల మీదుగా ఎడమకు వంగి సందువైపు వెళ్ళింది. నేను గట్టు మీదికి పరుగెత్తాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, చెప్పులు చేతబట్టుకొని. పైకి ఎక్కేసరికి అదే పక్షి సందులోంచి బయటికి వచ్చి పొదల్లో దిగుతోంది.

జంట లేదు. ఉన్నది ఒక్కటే.

రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చున్నాను. సగటు పన్నెండువేల చిల్లర. సగం చేస్తే ఆరువేల చిల్లర. పంతొమ్మిదేళ్ళు. అన్ని అంకెలూ నా చేతిరాతే. ఒక్క కొట్టివేత లేదు. మెట్టు దిగరాదన్న నియమం వల్ల మెట్టు మీదినుంచి కనబడేదే ప్రపంచమనుకున్నాను. నూతిలో కప్ప అన్న మాట నేనెందరిని అన్నానో లెక్క రాయలేదు.

సెప్టెంబరు 26

బావమరిది దగ్గరికి వెళ్ళాను. పడవను ఒడ్డుకు లాగి వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు గానీ, పక్కనున్న తుంగమోపును జరిపి చోటిచ్చాడు. "రా బావా. కొలబద్ద నడిచొచ్చిందంటే ఇవాళ నీళ్ళు పొంగుతాయి," అన్నాడు.

నేను సూటిగానే విషయానికి వచ్చాను. వానకోయిలలు రెండు విడతలుగా వస్తాయని ఇన్నాళ్ళూ రాశాననీ, అవి రెండు విడతలు కావనీ చెప్పాను.

అతడు వల కన్నుకు ముడి వేసి, దారాన్ని పంటితో తెంపాడు. "నీకీ మాట ఈ పడవలోనే చెప్పాను బావా, పదమూడేళ్ళ కిందట. ఒకటే గుంపు, చెట్ల వెనకాల తిరిగొస్తుందని. నువ్వేమన్నావో గుర్తుందా?"

గుర్తుంది. 'తెడ్డు వేసేవాడు నీళ్ళు చూసుకోవాలి. ఆకాశం చూడడానికి చదువుకున్నవాళ్ళున్నారు' అన్నాను. అప్పటికి నేను రెండో సంవత్సరం పరీక్షలు కూడా గట్టెక్కలేదు. రాత్రి కళాశాల అవతలి ఒడ్డున ఉండేది. రోజూ నా లెక్క పూర్తయ్యేదాకా అతడు నీళ్ళ నడుమ పడవలో కాచుకొని ఉండి, ఆ తరువాత నన్ను దాటించేవాడు. పడవలో నా ముఖం పుస్తకంలోనే ఉండేది.

మరి ఆ తరువాత ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నీ లెక్కతో ఎవరికేం నష్టం? అవెన్నో పిట్టలకి తెలుసు కదా."

ఇప్పుడు నష్టమున్నదని చెప్పాను. పదివేల నిబంధన చెప్పాను. అతడు పొదలవైపు చూశాడు. ఒక నీటికోడి పిల్లలను వెంటేసుకొని తుంగలోంచి బయటికి వచ్చి, మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయింది.

"అయితే నువ్వు నిజం చెప్తే పొదలు పోతాయి."

అవునన్నాను.

"నా పడవా పోతుంది."

అవునన్నాను.

"మరింకేం, చెప్పెయ్. నీకు అలవాటే కదా."

కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాడిని. మామూలుగా అన్నాడు, వాతావరణం గురించి అన్నట్టు.

సెప్టెంబరు 27

రాయనక్కర్లేదు. కానీ ఇది మూడో పుస్తకం.

పదకొండేళ్ళ కిందటి ఆ రాత్రి నా చివరి పరీక్ష. గాలి పెద్దదిగా ఉన్నది. తిరిగి దాటడానికి వేరే పడవ దొరకదని, తొమ్మిదింటివరకూ అవతలి ఒడ్డున ఆగమని నేనే అడిగాను. ఏడింటి కొలత ఉన్నది కదా బావా అని అతడన్నాడు. ఒక్కరోజుకు ఏం కాదులే అన్నది నేను. తెల్లవారి తూము గోడమీది తడిగీత చూసి, లెక్క కట్టి, అతడు అంకె వేశాడు. ఫలితాలు వచ్చిన వారానికి నాకు సీనియరు హోదా వచ్చింది. సీనియరుగా నేను సరిచూసిన మొదటి రిజిస్టరు అతడిది.

ఆ నివేదికలో అతడు ఆ వేళ ఎక్కడ ఉన్నాడన్న సంగతి నేను రాయలేదు. ఎవరూ అడగలేదు. విచారణలో అతడూ చెప్పలేదు.

సెప్టెంబరు 30

అధికారిణికి ఉత్తరం రాశాను. మూడు రోజులు, ఐదు చిత్తుప్రతులు. మొదటిదానిలో సమర్థింపు ఎక్కువైంది. రెండోదానిలో వినయం ఎక్కువైంది. మూడు, నాలుగు చదివితే నాకే నా మీద జాలి కలిగింది. ఐదోది సరిగ్గా కుదిరింది: 'నా గణనలో మౌలికమైన దోషమున్నదని సవినయంగా తెలియజేయడమైనది. ప్రతి అంకెనూ సగంగా పరిగణించవలెను.'

నా భార్య పెరట్లో చామంతులకు ఊతకర్రలు పాతుతూ ఉంటే ఆ ఉత్తరం చదివి వినిపించాను. మట్టిచేతులతోనే విన్నది. తరువాత అడిగింది: "ఇది రాయడానికి మూడు రోజులు పట్టిందా మీకు?"

పట్టిందన్నాను. అంత ఆషామాషీ వ్యవహారం కాదన్నాను.

"మా తమ్ముడి మీద ఒక్క పూటలో రాసేశారు."

మరో ఊతకర్ర తీసుకొని అటు తిరిగింది. ఉడుత ఒకటి పందిరి మీదినుంచి పొద్దుతిరుగుడు గింజ జారవిడిచి, అది నా తప్పన్నట్టు నన్ను చూసి అరిచింది. నేను లోపలికి వచ్చేశాను.

అక్టోబరు 2

ఉత్తరం సొరుగులోనే ఉన్నది. పోస్టు డబ్బా మలుపు దాటగానే ఉన్నది. మోకాలు నొప్పిగా ఉన్నది.

అక్టోబరు 4

తెల్లవారుజామున పొగమంచు. తుంగపొదల మీదినుంచి వానకోయిలలు ఒక్కసారిగా లేవడం చూశాను. మంచు చిరిగి, చిరిగినచోటల్లా పక్షులు. సూర్యుడు వచ్చేసరికి ఆకాశం ఖాళీ. ఇంత అందాన్ని చూసి కూడా మొదట వచ్చిన ఆలోచన: పదివేలకు నాలుగువేలు తక్కువ.

అక్టోబరు 6

వచ్చింది. అధికారిణికి ముప్పై ఐదేళ్ళుంటాయేమో, చీలమండలదాకా బురద పట్టిన బూట్లు, మెడలో దుర్భిణి. వెంట ఇద్దరు సహాయకులు, చేతుల్లో నొక్కితే అంకె మారే చిన్న యంత్రాలు. నా రిజిస్టరును రెండు చేతులతో అందుకొని, పేజీలు తిప్పి, "ఒక్క రోజు కూడా వదల్లేదండీ మీరు," అంది. ఆ గొంతులో గౌరవముంది. నాతో గౌరవంగా మాట్లాడేవారు ఎక్కువమంది లేరు. ఉత్తరం నా జేబులోనే ఉన్నది. లెక్కింపు మొదలుకాకముందే చేతికిద్దామనుకున్నాను.

గాలి లేదు. జలాశయం నూనె పోసినట్టున్నది. ఆకాశంలోని ఒక్కొక్క మేఘమూ నీటిలో తన నకలు తీసుకుంది. బావమరిది పొదల అంచున పడవ ఆపుకొని ఉన్నాడు.

ఆమె అతణ్ణి చూసింది. "నీళ్ళ మధ్యకి వెళ్ళి చూస్తే గుంపు మొత్తం కనబడుతుందేమో కదండీ? ఆ పడవ దొరుకుతుందా?" అని నన్నడిగింది.

జేబులోని ఉత్తరం అక్కడ పనికివచ్చేది. నేను దాన్ని తాకాను కూడా. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాట ఇది: "గాలి లేచే వేళండి. పడవ అంత క్షేమం కాదు."

ఆమె ఒడ్డుకు దగ్గరగా వెళ్ళి బావమరిదినే అడిగింది. అతడు అద్దంలాంటి నీళ్ళను చూశాడు. నన్ను చూశాడు.

"సార్ చెప్పింది నిజమేనండి," అన్నాడు. "ఈ వేళప్పుడు నీళ్ళని నమ్మలేం. మెట్ల మీదైతే కాలు జారదు."

మెట్ల మీద నిలబడ్డాం. పక్షులు వచ్చాయి. యంత్రాల టిక్కుటిక్కులు, పక్షుల రెక్కల కత్తెర చప్పుడు. మొదటి విడతలో తెల్లరెక్కలది రాగానే ఆమె నా మోచెయ్యి పట్టుకొని చూపించింది. ఆ ముఖంలో ఉన్న ఆనందం నేనెరుగుదును; పంతొమ్మిదేళ్ళ కిందట నా ముఖంలో అదే ఉండేది. ఏడు నిమిషాల తరువాత మళ్ళీ వచ్చింది.

"ఇంకొకటి కూడా ఉందే! రెండున్నాయా?"

"జంట," అన్నాను.

మొత్తం పదకొండువేల రెండువందలు. స్థలం తెలిసినవారు మరొకరు సాక్షిగా సంతకం చేయాలని, అది నిబంధన అని ఆమె చెప్పింది. బావమరిదిని పిలిచాను. అతడు మెట్లెక్కి వచ్చి, తడిచేతులు పంచెకు తుడుచుకొని, కాగితం పైనుంచి కిందిదాకా చదివాడు. తొందరపడలేదు. నా సంతకం కింద తన సంతకం చేసి, కలం తిరిగి ఇస్తూ నాకు మాత్రమే వినబడేలా అన్నాడు:

"ఈసారి చూసే పెట్టాను బావా."

అక్టోబరు 7

నిన్న గాలి లేదు.

అక్టోబరు 12

బాదంచెట్టు సగం ఎరుపు. చామంతులు విచ్చాయి, పచ్చవి ముందు. నా భార్య ఒక పువ్వును తీసుకొచ్చి నా రాతబల్ల మీద పెట్టి వెళ్ళింది. పదకొండేళ్ళలో మొదటిసారి. దీన్ని ఆనందాల కింద రాయాలో మరెక్కడ రాయాలో తెలియడం లేదు. నేను అబద్ధమాడినందుకు వచ్చిన మొదటి బహుమతి.

అక్టోబరు 19

ఉత్తర్వు వచ్చింది. తుంగపొదలను పూడ్చరు. దానితోపాటు నాకొక ప్రశంసాపత్రం. 'తిరుగులేని నిజాయితీకి, పంతొమ్మిదేళ్ళ నిర్విరామ పరిశీలనకు' అని ఉన్నది. పైఆఫీసు ఇంజనీరు దాని నకలుకు అద్దం కట్టించి ఆఫీసు హాల్లో పెట్టిస్తానన్నారు. ఇకనుంచి పక్షుల రిజిస్టరు నకలును నెలనెలా సర్వే కార్యాలయానికి పంపాలట. లెక్కలో పెద్ద తేడా వస్తే మళ్ళీ పరిశీలనకు వస్తారట.

ఇంజనీరు సంతోషంగా ఉన్న సమయం చూసి, బావమరిది పాత వ్యవహారం ఎత్తాను. ఆ రాత్రి అతడు ఎక్కడ, ఎవరి కోసం ఆగాడో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళాను. ఒక్క పూటలోనే రాశాను. ఆయన అది చదివి, తలెత్తి నన్ను చూసి, మళ్ళీ చదివారు. "ఇప్పుడెందుకండీ ఇదంతా? పదేళ్ళు దాటిన ఫైళ్ళు తీసేస్తాం కదా," అన్నారు. "అయినా తూము దగ్గర కూడా పెట్టె బిగించేశాం."

ఇంటికి వచ్చి ప్రశంసాపత్రం నా భార్యకిచ్చాను. చదివి, మడిచి, సొరుగులో పెట్టింది. నేను పంపని ఉత్తరం ఉన్న సొరుగులోనే. కావాలని పెట్టిందో లేదో అడగలేదు.

"వాణ్ణి భోజనానికి పిలుస్తూనే ఉన్నాను ఇన్నేళ్ళూ," అంది. "బావ పిలిస్తే వస్తానంటాడు."

అక్టోబరు 21

కప్ప డబ్బా ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయింది. నీళ్ళు మళ్ళీ డబ్బాతోనే పోస్తున్నాను. చెంబే బాగుండేదని నా భార్య అంటోంది.

అక్టోబరు 27

మూడు రోజులుగా వానకోయిలలు పలచబడ్డాయి. నిన్న వందలోపు. ఆకాశం ఎత్తుగా, కడిగి బోర్లించినట్టుగా ఉన్నది. గట్టు మీద ఎండుటాకులు పగలంతా దొర్లుతూనే ఉన్నాయి.

సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళాను. పిలవడానికే వెళ్ళాను. కానీ నోటికి వచ్చింది వేరే: నన్ను ఒకసారి నీళ్ళ నడుమకు తీసుకువెళ్తావా అని అడిగాను.

"పుస్తకం తెచ్చుకోలేదా?" అన్నాడు.

తెచ్చుకోలేదన్నాను. చెయ్యిచ్చి ఎక్కించాడు. తెడ్డు వేశాడు. మధ్యకు వచ్చాక పడవ ఆపాడు. అక్కడినుంచి అన్నీ కనబడతాయి: సందు, పంపుహౌసు, నీళ్ళట్యాంకు, చెట్ల వరుస, దాని వెనుక ఖాళీ. ఇన్నేళ్ళు నేను నిలబడ్డ మెట్టు కూడా కనబడింది. ఎంత చిన్న మెట్టు. దాని పక్కన బూడిదరంగు పెట్టె.

రేపు భోజనానికి రమ్మన్నాను. అతడు తెడ్డు చివర ఇరుక్కున్న నాచును తీసి నీళ్ళలో వేశాడు. "అక్క చెప్పమందా?" అన్నాడు. కాదు, నేనే చెబుతున్నానన్నాను. చూద్దాంలే అన్నాడు. వస్తాననలేదు.

అప్పుడు వచ్చాయి, వెనుకబడిపోయిన ఏడు పక్షులు. సందులోంచి బయటికి వచ్చి, పొదల మీదుగా వెళ్ళి, చెట్ల వెనుక మాయమయ్యాయి. తెల్లరెక్కలది వాటిలో లేదు. మేమిద్దరం తలలు తిప్పి సందువైపే చూస్తూ ఉన్నాం. కొంతసేపటికి అవే ఏడూ మళ్ళీ బయటికి వచ్చి, ఒక్కొక్కటిగా తుంగలో దిగాయి.

"పద్నాలుగు, బావా," అన్నాడు.

అతడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఇంటికి వచ్చి దీపం వెలిగించి, ముందు పక్షుల రిజిస్టరు తీశాను. ఈ నెల నకలు ఎల్లుండి వెళ్ళాలి. అంకెలు నిన్నటితోనూ మొన్నటితోనూ పొసగాలి. అక్కడ పద్నాలుగు అని రాశాను. నా చేతిరాత ఎప్పటిలాగే కుదురుగా వచ్చింది.

ఇక్కడ రాస్తున్నాను: ఏడు.